చలికాలపు చక్రాలు

హల్వార్ చేతిలో రెంచి టిక్కుమంది. ఆఖరి నట్టు బిగిసింది. కోడలి కారుకు మంచుమీద జారని మేకుల టైర్లు నాలుగూ ఎక్కాయి. సముద్రపు పాయ అవతలి కొండలు అప్పటికే నెత్తిన మంచు వేసుకున్నాయి.

"మరి బ్రేకుల సంగతి, మామయ్యా?" సున్నీవా అట్టపెట్టె తెచ్చి వెనకసీట్లో కుక్కుతూ అడిగింది.

"చక్రాలు విప్పినప్పుడే చేసేశాను."

"అంత తొందరగానా? పోయినేడు మధ్యాహ్నం దాకా కొట్టంలోంచి బయటికే రాలేదు మీరు!"

"పోయినేడు పక్కన నిలబడి వాగుతూ ఉన్నావు. ఇవాళ సర్దుకోవడంలో పడ్డావు."

ఆమె నవ్వింది. ముసలాయన నవ్వలేదు. ఆయన ఎప్పుడూ అంతే.

కొడుకు షూర్ చేపలవేటకు పోయి తిరిగి రాకపోయినా, ఏటా ఈ కారు పని హల్వార్ మానలేదు. కరెంటు బండి పెడల్ మీంచి కాలు తీస్తే, ఆ వేగాన్ని బ్యాటరీలోకి నింపుకుంటూ తనే నెమ్మదిస్తుంది, కాబట్టి బ్రేకు పలకలకు పని ఉండదు. రోడ్లమీద చల్లే ఉప్పుకు ఊరికే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. టైర్లు మార్చినప్పుడల్లా వాటిని విప్పి, గీకి, గ్రీజు పెట్టాలి. చక్రాలు విప్పేటప్పుడు తోలు తొడుగులు వేసుకునేవాడు. బ్రేకుల దగ్గరికొస్తే తీసేసేవాడు. వేలికి తగిలితేగాని తుప్పు సంగతి తెలియదనేవాడు. ఆ బ్రేకుల నల్లపొడి ఏ సబ్బుకూ లొంగేది కాదు. మనవరాలు తీరిల్ "మసిచేతుల తాత వచ్చాడు!" అని కేకపెట్టి బల్లకింద దూరేది. వారందాకా ఆ చెయ్యి ముట్టేది కాదు.

సున్నీవా కాఫీ, గోధుమరంగు జున్ను పెట్టిన వాఫెల్ అట్టు తెచ్చింది. హల్వార్ తొడుగులతోనే కప్పు అందుకున్నాడు.

"తీసి తాగండి మామయ్యా."

"నీ కప్పు మసి అవుతుంది."

"అబ్బో! ఇన్నేళ్ళూ నా తెల్ల గుడ్డలన్నీ పాడుచేసి, నేను ఊరొదిలి పోయే రోజు గుర్తొచ్చిందా ఆ జాలి?"

ఆయన కాఫీ ఊదుకున్నాడు. "పాపను క్రిస్మస్ దాకా ఉంచరాదూ?"

"మళ్ళీ మొదలుపెట్టారా? బెర్గెన్ పట్నంలో బడి మాట్లాడేశాను. నా కూతురు నా దగ్గరే ఉండాలి."

"షూర్ కూతురు కూడా."

"షూర్ లేడు, మామయ్యా." ఆ మాట గట్టిగా వచ్చేసింది. వెంటనే గొంతు తగ్గించింది. "సెలవులకు పంపుతానుగా. మీ మనవరాల్ని మీకు కాకుండా చేస్తానా?"

హల్వార్ కింద నీళ్ళవైపు చూశాడు.

"సరేలే. నీ బిడ్డ, నీ ఇష్టం," అన్నాడు. "కానీ ఈ పెట్టెల మధ్య పసిది ఎక్కడ కూర్చుంటుంది? ఇవాళ సామాను దింపుకో. రేపు పొద్దున పడవలో నేనే తీసుకొస్తాను. ఆ ఒక్క రాత్రీ నా దగ్గర పడుకుంటుంది."

సున్నీవా కళ్ళు తడయ్యాయి. గొడవ పెడతాడనుకుంది. వారమంతా ఆ భయంతోనే పెట్టెలు కట్టింది.

"మీరు మంచివారు మామయ్యా."

"ఎక్కు ఎక్కు. చీకటి పడకముందే కొండ దిగాలి."

కారెక్కి తెర వెలిగించి ఆమె ఆగింది. "ఇదేంటి, బ్యాటరీ నిండా ఎక్కించారు? కొండ దిగాలంటే ఎనభై శాతం దాటి ఎక్కించొద్దని రోజూ చంపేవారుగా నన్ను! నిండుగా ఉంటే కాలు తీసినా బండి ఆగదు, బ్రేకు ఒక్కటే దిక్కనీ..."

"దూరం పోవాలి. దారిలో ఎక్కడ ఆగుతావు? బ్రేకులు సరిగ్గా ఉంటే దిగుడుకు భయమేంటి?"

"అదీ నిజమే."

"ఊరు చేరాక నట్లు మళ్ళీ ఒకసారి బిగించుకో. కొత్తగా వేసిన చక్రాలు సడలుతాయి."

"అలాగే." ఆమె దిగి వచ్చి ఆయన మెడ కౌగిలించుకుంది. గుమ్మంలో నిలబడ్డ తీరిల్‌కు ముద్దు పెట్టి, "రాత్రికి తాతను విసిగించకే," అంది. "రేపు చేపల బజారు చూపిస్తాను."

కారు చప్పుడు లేకుండా కదిలింది. మొదటి మలుపు తిరిగింది. అక్కణ్ణుంచి నీళ్ళదాకా అంతా నిలువు దిగుడే.

హల్వార్ తొడుగులు తీసి కొట్టం తలుపు కొక్కేనికి తగిలించాడు. తీరిల్ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. తిప్పి చూసింది, గోళ్ళు చూసింది, చెంపకు ఆనించుకుంది.

ఈసారి ఆ చేతికి మసి లేదు.