వెనక మనిషి

మొగుడు నోరు విప్పడని వాపోయే ఆడవాళ్ళను చూస్తే ఆ ఇల్లాలికి ఒళ్ళు మండేది.

ఆమె మొగుడు గైడు. నోరు మూస్తే పస్తే.

పోనీ కోట దగ్గర వాగింది చాలనుకుంటాడా? ఇంట్లో పంపు చెడినా, దాని పూర్వచరిత్ర ముగిస్తే తప్ప ప్లంబర్‌కు ఫోన్ చెయ్యడు.

ఈమధ్య పంపు చరిత్ర పోయి కొత్త చరిత్ర పట్టుకుంది. ముద్ద ముద్దకీ అదే పారాయణం: దేశదేశాల గైడ్ల సంఘం.

“ఒకప్పుడు మనల్ని దళారులనేవాళ్ళే! ఏ దేశంలో చూసినా అంతే. ఒకావిడ పూనుకుంది. ఊరూరా తిరిగి గైడ్లను పోగుచేసింది. ఎవరి ఊరు వాళ్ళే చూపించాలి, చదువుకుని చూపించాలి, బ్యాడ్జీ పెట్టుకుని చూపించాలి అంది. సంఘం అలా పుట్టింది.”

“ఎలా ఉంటుందండీ ఆవిడ?”

“ఎవరికి తెలుసు? ఒక్క ఫొటోలోనూ లేదు. ఫొటో తీసి పెట్టేదే గైడు కదా!”

పెళ్ళయ్యాక ఆయన మాటకు ఇల్లాలు మనసారా నవ్వింది అప్పుడే.

తమ ఊరిని ఆ సంఘంలో చేర్పించాలని గైడు పట్టుదల. ఊళ్ళో గైడ్లందరికీ ఆయనే పెద్ద. చేరితే, పొరుగూరి నుంచి చవక మనుషుల్ని తెచ్చుకునే కంపెనీల ఆట కడుతుంది. లేకపోతే అందరూ గొడుగులు అమ్ముకోవాల్సిందే. అర్జీ పెట్టి, జవాబు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నారు.

ఒకరోజు ఆయన బ్యాడ్జీ ఇంట్లో మరిచి వెళ్ళాడు. ఇల్లాలు దాన్ని పట్టుకుని కోటకు పరిగెత్తింది.

కోట మెట్ల మీద ఒక తాతగారు చేతికర్ర పక్కన పెట్టి ఆయాసపడుతున్నారు. ఆయన గుంపు ఎప్పుడో పైకెళ్ళిపోయింది. నెరిసిన జుట్టు పెద్దావిడ ఎవరో పక్కన కూర్చుని, ఆయనకు నీళ్ళు పట్టిస్తూ, పైనున్న బురుజు చూపించి ఏదో చెబుతోంది. తాతగారు నవ్వుతున్నారు.

గుంపులో ఒక తల తగ్గిందని అప్పటికి చూసుకున్నట్టున్నాడు, గైడు గబగబా దిగి వచ్చాడు.

“ఏమ్మా, ఎవరు నువ్వు? నా టూరిస్టుకు నువ్వు చెప్పేదేంటి?”

“వెనకబడిపోయారు బాబూ. ఊరికే కూర్చున్నాను.”

“ఊరికే కూర్చుని, ఆఖర్న చెయ్యి చాపుతావు. నీలాంటివాళ్ళని చాలామందిని చూశాలే. బ్యాడ్జీ ఏది?”

పెద్దావిడ ఆయన చొక్కా వైపు చూసింది. అక్కడా ఏమీ లేదు.

ఇల్లాలు బ్యాడ్జీ ఉన్న గుప్పిటను కొంగు చాటున దాచుకుంది.

“లేదు బాబూ,” అంది పెద్దావిడ.

“మరి నడు! మళ్ళీ ఇక్కడ కనిపిస్తే సెక్యూరిటీకి అప్పజెప్తా.”

“మంచావిడయ్యా...” అనబోయారు తాతగారు.

“మీరు లేవండి తాతగారూ! మీ మూలంగా అందరికీ ఆలస్యం.”

పెద్దావిడ లేచింది. “రూలు రూలే బాబూ,” అంది. మెట్టు మెట్టుకీ ఆగి, ఊపిరి పీల్చుకుంటూ దిగింది. ఆవిడ పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక ఇల్లాలు ఉండబట్టలేక అంది: “అంత మాట అనకుండా ఉండాల్సిందండీ.”

“నీకు తెలీదులే. ఇవాళ జాలిపడితే రేపు మన కడుపు కొడతారు. బ్యాడ్జీ లేనివాళ్ళని రానివ్వొద్దని ఆ మహాతల్లి ఊరికే చెప్పిందా?”

కొన్నాళ్ళకు పెద్ద సంఘం ఆఫీసు నుంచి, ఫోన్ చేస్తామని కబురొచ్చింది. ఊరి గైడ్లంతా గైడు ఇంట్లో ఇరుకు గదిలో చేరారు. ఇల్లాలు కాఫీలు అందిస్తోంది. ఫోన్ మోగగానే గైడు స్పీకరు నొక్కాడు.

“మీ ఊరిని చేర్చుకుంటున్నాం,” అన్నాడు అవతలి అధికారి.

గది దద్దరిల్లింది.

“వదినగారూ, ఇవాళ రెండో కాఫీ కూడా ఇవ్వాల్సిందే!”

“ముందు మొదటి దాని గ్లాసు ఇవ్వవయ్యా,” అంది ఇల్లాలు.

“ఒక్క మాట,” అన్నాడు అధికారి. “బ్యాడ్జీలు అందరికీ ఉంటాయి. కానీ వెనకబడినవాళ్ళ పక్కన కూర్చోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టింది మీరేనట. మీ కోట మెట్ల దగ్గర మా ప్రతినిధి చూసి వచ్చి, మురిసిపోతూ చెప్పారు. ఇన్నేళ్ళలో మాకే తోచలేదండీ! అన్ని ఊళ్ళలోనూ పెట్టిద్దామనుకుంటున్నాం. ఆ మనిషి పేరు చెప్పండి.”

గైడ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మనం ఎవర్నీ పెట్టలేదే?” గుసగుసలాడాడు ఒకడు.

“ఎవరి పేరో ఒకటి చెప్పేయండి అన్నా. నాది చెప్పినా సరే.”

గైడు మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టు.

“మీ ప్రతినిధి...” అన్నాడు మెల్లగా, “జుట్టు నెరిసిన పెద్దావిడా?”

“అవును. ఈ సంఘాన్ని పుట్టించిన ఆవిడే. చెప్పకుండా వెళ్ళి చూసి రావడం ఆవిడ అలవాటు. చివరిగా చూసింది మీ ఊరే. మొన్న పోయారు.”

రెండో కాఫీ అడిగినవాడు గ్లాసు కింద పెట్టేశాడు.

“హలో? పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“అడుగుతున్నారండీ,” అంది ఇల్లాలు.

అందరూ చూస్తుండగా గైడు ఫోను మీదికి వంగాడు.

“మేం ఎవర్నీ పెట్టలేదండీ. ఆ రోజు మెట్ల మీద కూర్చుంది ఆవిడే... చెయ్యి చాపుతుందని తరిమేసింది నేను, తప్పు నాదే.”