కాలనీకి ఒక్కటే నీలం తలుపు

"ఇది లైట్ ఎల్లో. క్రీమ్ కాదు," అన్నాడు కాలనీ ప్రెసిడెంటు, షేడ్ కార్డుని డాక్టరు గారి గోడకి ఆనించి.

డాక్టరు ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరందరి నాడి చూసే మనిషి, తన గోడ నాడి ఇంకొకడు చూస్తుంటే గుటకలు మింగుతున్నాడు.

"మళ్ళీ వేయిస్తానండీ."

అబ్బ, ఏం మనిషి ఈ ప్రెసిడెంటు! అనుకున్నాడు కొత్త సెక్రటరీ. అతను కాలనీలో దిగి వారమే అయింది. మొన్న మీటింగులో సెక్రటరీగా ఎవరుంటారని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఇతనొక్కడే దించుకోలేదు. అంతే, ఇరుక్కున్నాడు.

గోడలన్నీ క్రీమ్, తలుపులన్నీ బ్రౌన్, గేటుకి అటో కుండీ ఇటో కుండీ. టీచరమ్మ ఎవరో మూడో కుండీ పెడితే, పెళ్ళీడు పిల్లకి సంబంధం వెతికినట్టు దానికి జత వెతికించాడట ప్రెసిడెంటు!

"సార్! అటు చూడండి!" అన్నాడు సెక్రటరీ.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వీధి చివరింటి తలుపు నీలం. మామూలు నీలం కాదు, నెమలి మెడ నీలం. ఇంకా తడి కూడా ఆరలేదు.

ప్రెసిడెంటు మొహం కందగడ్డయింది. "పొద్దున బ్రౌనే ఉంది కదయ్యా!"

పొద్దున్నే ఒక రౌండు కొట్టేశాడన్నమాట. సెక్రటరీకి భక్తి ఇంకాస్త పెరిగింది. "వదలొద్దు సార్."

"వదిలితే రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడు? బెల్లు కొట్టు."

తలుపు తీసినావిడ చేతులకి మోచేతుల దాకా నీలం.

"ఎవర్నడిగి వేశారు ఈ రంగు?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఎవర్నీ అడగలేదండీ. అందుకే ఇంత బావుంది."

సెక్రటరీకి నవ్వొచ్చింది. దగ్గులోకి దింపేశాడు.

"రూల్సు తెలుసా మీకు?"

"తెలియకేం! నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాకు నచ్చిన రంగు ఒక్కటి పడలేదు. ఇన్నాళ్ళకి ఇదొక్కటి వేసుకున్నాను. దీనిక్కూడా కళ్ళమంటేనా?"

పాపం అనిపించింది సెక్రటరీకి. "మీవారిని పిలవండమ్మా. మేం మేం మాట్లాడుకుంటాం."

"ఆయన పని మీద ఉన్నారు బాబూ. అయినా నా తరఫున మాట్లాడే రకం కాదులే."

"అవన్నీ మాకనవసరం," అన్నాడు ప్రెసిడెంటు. "సాయంత్రంలోపు బ్రౌన్ పడాలి. లేకపోతే కమిటీ పెయింటరొస్తాడు."

"రమ్మనండి. డబ్బాలో సగం రంగు అలాగే ఉంది. నా తలుపు మీద చెయ్యేసినవాడి నెత్తిన బోర్లిస్తాను. వాడెవడైనా సరే!"

తలుపు ధడేల్మంది. లోపల పై గడియ పడింది. ఆ వెంటనే కింది గడియ.

సెక్రటరీ తలుపు మీద నోటీసు అతికించాడు. తడి రంగు కదా, జిగురు కూడా అక్కర్లేకపోయింది.

"పులి సార్ మీరు! పదండి, భోజనాల వేళైంది."

"నువ్వు పద, వస్తా."

సెక్రటరీ నాలుగడుగులేసి, సార్ ఇంకా రాలేదేమిటా అని వెనక్కి తిరిగాడు.

ప్రెసిడెంటు నీలం తలుపుకి చెంప ఆనించి, "ఏమేవ్, అదంతా డ్యూటీనే... తలుపు తియ్యవే, ఆకలేస్తోంది," అంటున్నాడు.