వీధిగది కిటికీ తెర

తమ్ముడికి,

నా కోడిగీతలకీ, తప్పులకీ ఏమనుకోకు.

మొన్న మీ ఇంటి కిటికీలకి బ్లైండ్లు, అదే పైకి లాగే తెరలు, ఎంచడానికి నువ్వు నన్ను పిలిస్తే పొంగిపోయాను. వంటింటికి తుడిస్తే శుభ్రపడేవి, పడగ్గదికి ముదురు రంగువి చెప్పాను. వీధిగదికి నువ్వు కోరినట్టే అన్నిటికన్నా మందమైనవి ఏరాను.

ఈవేళ మీ ఇంట్లో వాటిని బిగించేవాణ్ణి అడిగాను. "ఆ గదిలోకి ఎండే రాదు కదయ్యా, ఇంత మందం ఎందుకు?"

"ఎండకి కాదు తాతా! ఎదురింటి ముసలాయన పొద్దస్తమానం ఇటే చూస్తాడట. నీకు తెలుసా ఆయన?"

"తెలిసినవాడే" అన్నాను.

నీ గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచీ, పొద్దున్నే లేచి తిరుగుతున్నావో లేదో చూసుకునేవాణ్ణిరా, అంతే. చూడొద్దంటే మానేసేవాణ్ణి. ఆ తెర నాచేతే ఏరించావు.

తొందరగా జవాబు రాయి. రాయలేకపోతే ఆ తెర ఒక్కసారి పైకి లాగు, చాలు.

ఎదురింటి అన్నయ్య