పుచ్చు లేని పన్ను

శ్రీజ పన్నులో పుచ్చు లేదు. చిగురు మీద మాత్రం పొక్కు లేచి చీము కారుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల. వారం నుంచి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక ఏడుస్తోంది.

హనుమకొండలో పళ్ల డాక్టర్ అనసూయ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. పిల్ల తల్లి ప్రేమలత దగ్గరికి జరిగింది.

"బోరు నీళ్లకు అయిందేమో మేడం," అంది తనే.

"బోరు నీళ్లకైతే పళ్ల మీద గార మచ్చలు పడతయి. ఈ పిల్ల పళ్లు తెల్లగనే ఉన్నయి. లోపలే గట్టిపడలేదు." అనసూయ పెన్ను మొనతో చూపించింది. "ఇదిగో, నరం ఉండే గది. పైదాకా వచ్చేసింది. పైపొరకు సన్నని పగులు చాలు, క్రిములు లోపలికి పోతయి. ఇట్లాంటి పళ్లు ఇంకా ఉన్నయి."

ప్రేమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముందు పన్ను సగానికి విరిగి ఉంది.

"అదెప్పుడు విరిగింది?"

"పడ్డ మేడం."

పడ్డవాళ్లు అలా తల దించుకోరని అనసూయకు తెలుసు. పిల్ల వైపు తిరిగింది.

"శ్రీజా, ఆ గోడ దాకా నడువు బిడ్డా."

పిల్ల నడిచింది. కాళ్లు వంగి ఉన్నాయి. మోకాళ్ల మధ్య సందు కనిపిస్తోంది.

"కాళ్లకు ఎక్కడన్న చూపించినవా?"

"చూపించిన. ఎండల నిలబెట్టుమన్నరు. విటమిన్ గోలీలిచ్చిన్రు. ఏడాది మింగింది. ఏం ఫాయిదా లేదు."

"ఉండదు. ఇది విటమిన్ తక్కువైతే కాళ్లు వంగే మామూలు రికెట్స్ కాదమ్మా, వంశంలో వచ్చేది. ఒంట్లో ఫాస్ఫేట్ నిలవదు, మూత్రంలో పోతుంది. అందుకే ఎముకా గట్టిపడదు, పన్నూ గట్టిపడదు. తండ్రికి ఉంటే కూతురికి తప్పకుండా వస్తది. వీళ్ల నాయన కాళ్లు ఎట్లుంటయి?"

"సక్కగనే ఉండె."

"పళ్లు?"

"మంచిగనే ఉండె."

జవాబులు మరీ తొందరగా వచ్చాయి.

"ఒకసారి తీసుకురా. ఎక్స్‌రే తీస్త."

"రాడు మేడం. బొంబాయి పోయిండు. మూడేండ్లాయె."

"ఫోన్ చేసి అడుగు."

"ఫోన్ కలవది."

అనసూయ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించింది.

"ఇంటి సంగతి ఎవరికీ తెలువకనే ఒక ఏడాది పోయింది. ఇంకో ఏడాది పోతే కాళ్లు ఇంకా వంగుతయి. ఒక్కో పన్నూ ఇట్లనే చీము పడతది. రేపు సంబంధాలకు అడ్డమొస్తదని దాస్తున్నవా?"

కుర్చీలో పిల్ల దవడ పట్టుకుని మూలిగింది.

"నొస్తాందే అమ్మా..."

తల్లి ప్రాణం ఎంతసేపని ఓర్చుకుంటుంది? ప్రేమలత పిల్ల తల నిమిరింది.

"వంకరే మేడం. రెండు కాళ్లూ కొడవలి లెక్క వంగి ఉండె. పుచ్చు లేకుండనే పండ్లు చీము పట్టేటియి. కింద రెండు పండ్లు పీకించుకున్నడు. పేరు రాజమౌళి. మాది ధర్మసాగర్ పక్క పల్లె. అన్నీ రాసుకోండ్రి. తర్వాత ఏమన్న కానీ, నా బిడ్డకు మందు దొరకాలె."

అనసూయ చీము తీసి, మందు పెట్టి, పెద్ద దవాఖానకు చీటీ రాసింది.

"రక్తం, మూత్రం పరీక్ష చేసి మందు మొదలుపెడతరు. ఏళ్ల తరబడి వాడాలె. నెలనెలా చూపించుడు మరిచిపోవద్దు."

"నేను రాకున్నా మా అమ్మ తోల్కొస్తది మేడం. కాశిబుగ్గలనే ఉంటది."

ఆ మాట అంటున్నప్పుడు ప్రేమలత ముఖంలో బెరుకు లేదు. పిల్లను చంకన ఎత్తుకుని ఆటో ఎక్కింది. అంత పెద్ద పిల్లను ఎవరూ ఎత్తుకోరు. ఆమె ఎత్తుకుంది, గట్టిగా.

ఆటో మలుపు తిరిగేదాకా అనసూయ కిటికీ దగ్గరే నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు వేసింది. ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు దాని వంకే చూసింది. చివరికి నంబరు నొక్కింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ధర్మసాగర్ దిక్కు పాడుబావిలో పూడిక తీస్తుంటే దొరికిందని మీరు నాకు పంపిన, కింద రెండు పళ్లు పీకించుకున్న దవడ ఎముక ఎవరిదో తెలిసింది."