అల్లుడు చెప్పని మాట

“మీ ఆసుపత్రిలో, మీ గదిలోంచి మా అమ్మ బయటికి రావడం కళ్ళారా చూశాను. ఆవిడకేమైంది?” భార్య దారికి అడ్డంగా నిలబడి అడిగింది.

“ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో ఇంట్లో కూడా చెప్పకూడదు. ఇవాళ ఆసుపత్రిలో మాకు పెట్టిన చట్టం, వృత్తి ధర్మం క్లాసులో మళ్ళీ అదే చెప్పారు,” అన్నాడు శ్వాస చికిత్స చేసే ఆమె భర్త.

“కట్టుకున్న పెళ్ళాం దగ్గరా చట్టాలు? మీరిద్దరూ కలిసి నా కళ్ళు కప్పుతున్నారు.”

“ఆవిడనే అడుగు.”

ఆమె వెంటనే తల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“అమ్మా, ఆయన నాకంతా చెప్పేశారు. ఇంక దాచకు.”

భర్త ఉలిక్కిపడ్డాడు.

తల్లి ఆయాసపడుతూ అంది, “అల్లుడుగారు చెప్పరమ్మా. చెప్పే మనిషైతే నేను ఆయన దగ్గరికి వెళ్ళేదాన్నే కాదు. నీకు నేనే చెబుదామనుకుంటున్నా, నోరు రావట్లేదు. నువ్వు ముందు కూర్చో.”

ఆమె కుర్చీ లాక్కుని కూలబడింది. భర్త బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

ఆమె గొంతు తగ్గించింది. “నేనూ ఎవరికీ చెప్పను. చెప్పమ్మా.”