తువాలు కింద బేరం

ఆ పొద్దున పెంచలనరసయ్య దగ్గరున్న పెట్టుబడి భుజం మీది తువాలు ఒక్కటే. ఎదురుగా కూర్చున్న సినిమా నిర్మాత సురేంద్రబాబు దగ్గర కారుంది, సంచి నిండా డబ్బుంది, అరచేతిలో పట్టనంత ఫోనుంది.

కూర్చున్నది ఉదయగిరి గొర్రెల సంతలో, రేకుల కొట్టం కింద. బేరం మాత్రం గొర్రెల మీద కాదు. ఆత్మకూరులో డిగ్రీ చదివే పెంచలనరసయ్య కూతురు జయశ్రీ రాసిన కథ మీద. అందులో ఒక ఫోను ఉంటుంది. యజమాని ఆడే ప్రతి మాటా వింటుంది. అతను మాట తప్పాడా, దాని తెర ఆరిపోతుంది. మాట నిలబెట్టుకునేదాకా మళ్లీ వెలగదు.

"కథ నాకు బాగా నచ్చింది. డబ్బు మీరు అడిగినంత ఇస్తాను. పేరు మాత్రం మా డైరెక్టర్‌ది పడుతుంది" అన్నాడు సురేంద్రబాబు.

"నా పేరు లేకపోతే కథ ఇయ్యను" అంది తండ్రి పక్కనే కూర్చున్న జయశ్రీ.

"నువ్వుండమ్మా. సారు అంత దూరం నుంచి వచ్చినాడు. బేరం ఆడనీ" అన్నాడు పెంచలనరసయ్య.

"ఏంది నాయనా, నా పేరు కూడా బేరం పెడతావా?"

పెంచలనరసయ్య భుజం మీది తువాలు సర్దుకున్నాడు. సురేంద్రబాబు ఫోను తీసి నులక మంచం మీద పెట్టాడు. "ఇప్పటి నుంచి మనం మాట్లాడేదంతా ఇందులో రికార్డవుతుంది. రేపు ఎవరూ మాట మార్చడానికి ఉండదు."

"మంచి పని చేసినావు సార్. కాకపోతే ఈ సంతలో బేరం నోటితో ఆడరు. తువాలు కింద చేతులతో ఆడతారు. ఒప్పుకున్నామని మాత్రం పైకి చెప్పాల. చెప్పినాక వెనక్కి పోయేది లేదు" అన్నాడు పెంచలనరసయ్య.

అప్పటికే చుట్టూ వ్యాపారులు మూగారు. వాళ్లలో పొట్టేళ్లు కొనడానికి వచ్చిన నిసార్ నవ్వాడు. "వెనక్కి పొయ్యేవోళ్లకు ఈ సంతలో గొర్రెపిల్ల కూడా అమ్మరు సార్. అయినా సినిమావోళ్లకి తువాలు బేరం ఏం తెలుస్తాదన్నా? నోటితోనే కానియ్ పాపం."

సురేంద్రబాబుకి రోషం వచ్చింది. "తెలియకేం? పల్లెటూరి సినిమాలు ఎన్ని తీశాననుకున్నారు? ఇట్లాంటి బేరాలు బోలెడు చూశాను. కానివ్వండి."

"తెలవకపోతే చెప్పు సార్, నేర్పిస్తాం" అన్నాడు పెంచలనరసయ్య.

"తెలుసన్నాను కదా."

పెంచలనరసయ్య తువాలు పరిచాడు. ఇద్దరి చేతులూ దాని కిందికి వెళ్లాయి. పెంచలనరసయ్య ముఖం రాయిలా ఉంది. సురేంద్రబాబు కనుబొమలు ముడిపడ్డాయి. ఒకసారి తువాలు వంక చూశాడు, ఒకసారి చుట్టూ ఉన్నవాళ్ల వంక చూశాడు.

"ఏమంటావు సార్?"

"కొంచెం ఎక్కువే" అన్నాడు సురేంద్రబాబు, ఆచితూచి.

"ఎక్కువనుకుంటే చెయ్యి తీసెయ్. బలవంతం లేదు."

"సారుకి అర్థమైనట్టు లేదన్నా" అన్నాడు నిసార్.

"అర్థమైంది. సరే, ఒప్పుకున్నా."

"గట్టిగా చెప్పు సార్. నీ ఫోనుకి వినపడాల."

"ఒప్పుకున్నా."

పెంచలనరసయ్య తువాలు తీసి భుజాన వేసుకున్నాడు. "అందరూ విన్నారు గదా. సినిమాలో మొదట పడేది నా బిడ్డ పేరు. డైరెక్టరు పేరు ఆ తర్వాతే. డబ్బు మీరు కథ రాసేవోళ్లకు ఎంత ఇస్తారో అంతే ఇయ్యండి, రూపాయి ఎక్కువ వద్దు."

సురేంద్రబాబు లేచి నిలబడ్డాడు. "పేరు సంగతి ఎప్పుడు చెప్పావు? నేను ఒప్పుకున్నది ధరకి."

"ఏ ధరకి సార్? చెప్పు, అదే ఇద్దువు."

సురేంద్రబాబు పెంచలనరసయ్య భుజాన ఉన్న తువాలు వంక చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు జవాబు కోసం చూస్తున్నారు. తనకి తువాలు బేరం రాదని చెబితే ఆ క్షణమే బేరం పోతుంది. పరువు అంతకంటే ముందే పోతుంది.

జయశ్రీ మంచం మీది ఫోను అందుకుని మీట నొక్కింది. సురేంద్రబాబు గొంతే పలికింది: "రేపు ఎవరూ మాట మార్చడానికి ఉండదు." ఇంకాస్త ముందుకు జరిపింది. "ఒప్పుకున్నా" అంది ఫోను.

కొట్టమంతా గొల్లున నవ్వింది. సురేంద్రబాబు కాసేపు ఫోను వంక చూసి, చివరికి తనూ నవ్వేశాడు. అతనూ వ్యాపారస్తుడే. "ఈ తువాలు సీను కూడా కథలో పెట్టమ్మా. పేరు నీదే" అన్నాడు.

మరుసటి ఏడు ఆత్మకూరు హాల్లో సినిమా పడింది. తెర వెలగగానే మొదట వచ్చిన అక్షరాలు: కథ, పెంచలనరసయ్యగారి జయశ్రీ. సంతలో వాళ్లంతా వచ్చారు. నిసార్ వేసిన ఈల బయట బస్టాండు దాకా వినిపించింది. పెంచలనరసయ్య మాత్రం తువాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ పేరు పోయేదాకా చూశాడు. పెట్టుబడి పెట్టిన తువాలు ఎట్లా ఉన్నది అట్లాగే చేతికి తిరిగి వచ్చింది. లాభం తెర నిండా కనిపిస్తోంది.

బయటికి వస్తూ జయశ్రీ అడిగింది. "ఆ పొద్దు తువాలు కింద పేరు సంగతి ఎట్టా చెప్పినావు నాయనా? వేళ్లతో అంకెలే గదా చెప్పేది?"

"నేనేం చెప్పలేదమ్మా" అన్నాడు పెంచలనరసయ్య, రోడ్డు మీద వచ్చే బస్సును చూసి ఆమె చెయ్యి అందుకుంటూ. "చిన్నప్పుడు నిన్ను రోడ్డు దాటించేదానికి పట్టుకున్నట్టు, ఊరికే ఆయన చెయ్యి పట్టుకోని కూర్చున్నా."