అయిదింటికి మూసే దుకాణం

“మూడింటికల్లా షట్టరు దించాలి మేనేజరు గారూ. దించాక టైము కనపడేలా ఫొటో పంపాలి. పెద్దాఫీసులో అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు,” అంది ఆఫీసరమ్మ, సంచీ బల్ల మీద పడేసి.

“పధ్నాలుగేళ్ళుగా అయిదింటికే మూస్తున్నానండి. ఆఖరి రోజు కూడా అయిదింటికే మూయనివ్వండి. రెండు గంటల్లో కంపెనీ మునిగిపోదుగా?”

“మునగకూడదనే ఈ మూయడం.”

ఆ ఊరి కోర్టు అలాంటిది మరి. వేరేచోట పేటెంటు కేసు వేస్తే తీర్పు మనవలు వింటారు. ఇక్కడ వేసినవాళ్ళే వింటారు. అందుకే ఊళ్ళో దుకాణమున్న పెద్ద కంపెనీలన్నీ ఒక్కొక్కటే వంతెన దాటి, ఈ కోర్టు చెయ్యి అందని పక్క ఊరికి ఊరేగాయి. గడియారాలవాళ్ళు పోయారు, కుట్టుమిషన్లవాళ్ళు పోయారు. పేటెంట్లు పేటని ఖాళీ చేశాయి. వీధి మొత్తం మీద తెరిచి ఉన్న తలుపు ఈ దీపాల దుకాణం ఒక్కదానిదే.

“మన నిద్రదీపం మీద ఎవరో నోటీసు పంపారు,” అంది ఆఫీసరమ్మ కుర్చీలో కూలబడుతూ. “ఆరేళ్ళుగా అమ్ముతున్నాం. ఇప్పుడు లేచి, ఆ దీపం మాదంటున్నారు. దావా పడే నిమిషానికి ఈ షట్టరు లేచి ఉందా, ఈ ఊరి కోర్టులో మనం దొరికిపోయినట్టే. దిగి ఉందా, వాళ్ళే మా పెద్దాఫీసున్న ఊరు రావాలి. రైల్లో రెండు రోజులు. వాయిదా వాయిదాకీ తిరిగితే చెప్పులు కాదు, కాళ్ళే అరిగిపోతాయి.”

“పాపం,” అన్నాడు మేనేజరు.

“కంపెనీకి పాపం అంటదు లెండి. కడగడానికి లాయర్లున్నారు. మీ ఉద్యోగానికీ ఢోకా లేదు. వంతెన అవతల కొత్త దుకాణం మీదే.”

ఆయన గోడ గడియారం చూశాడు. రెండున్నర.

“మూసేముందు దీపాలన్నీ ఒక్కసారి వెలిగించుకుంటానండి.”

“మూడింటిదాకా మీ ఇష్టం. మూడంటే మూడే.”

ఆయన కిటికీ తెరలు లాగి, నలభై దీపాలూ ఒకటొకటిగా వెలిగించాడు. వెలుగు తగ్గించడానికి నిద్రదీపానికి మీట తిప్పక్కర్లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఊపిరి వింటుంది. ఊపిరి నెమ్మదించిన కొద్దీ వెలుగూ నెమ్మదిస్తుంది. పసుపు తేనెరంగవుతుంది, తేనె నీడవుతుంది. మేనేజరు అన్నిటికన్నా చిన్నదాన్ని తెచ్చి ఆఫీసరమ్మ మోచేతి దగ్గర పెట్టాడు.

“మా ఇంట్లో పదేళ్ళుగా వెలుగుతోందండి. రైలు దిగి వచ్చారు, కాస్త కళ్ళకి హాయిగా ఉంటుంది.”

“నన్ను నిద్రపుచ్చుదామనా? నేను ఆడిటర్నండీ. మాకు నిద్ర పట్టదు, ఎదుటివాళ్ళకి పట్టనివ్వం.”

ఆ మాటలో సగం గాల్లోనే ఉండిపోయింది. దీపం ఒక మెట్టు దిగింది. ఆవిడ రెండు మెట్లు దిగింది. కలలో దుకాణాలు బాతుల్లా వరస కట్టి, నెత్తిన బోర్డులు పెట్టుకుని వంతెన మీద నడుస్తున్నాయి. కింద నది లేదు, తేనెరంగు వెలుగే ఉంది. చివరి దుకాణం మాత్రం వంతెన మొదట్లో ఆగి, వెనక్కి తిరిగి చూస్తోంది. “నడవ్వే,” అంటోంది ఆవిడ. అది నడవడం లేదు.

గడియారం మూడు చూపించింది. మేనేజరు చెయ్యి చాచి, ఆవిడ భుజం మీంచి జారిన శాలువా సర్దాడు. సంచీలో ఫోను గునిసింది. దాన్ని తీసి పక్క కుర్చీలోని దిండు కింద పెట్టాడు. అదీ పడుకుంది.

ఇంతలో ఆయన ఫోను వణికింది. భార్య. ఇంట్లో క్యూల శాఖ ఆవిడది. ఏ ఆఫీసులో ఏ కాగితం పనున్నా ఆవిడే నిలబడుతుంది.

“ఎందాకా వచ్చింది?” అన్నాడు గుసగుసగా.

“నా ముందు ఇంకా నలుగురున్నారండీ. గుమాస్తా కాఫీకి లేచాడు. కాఫీ కాస్తున్నాడో, తోటే వేస్తున్నాడో. మీరు అన్నం తిన్నారా?”

“తర్వాత తింటాలే. నువ్వు లైన్లోంచి కదలకు.”

నాలుగింటికి పసిపిల్లని ఎత్తుకుని ఒకాయన వచ్చాడు. “మూసేస్తున్నారటగా?”

“షట్టరు పైనే ఉందిగా నాయనా, రా. మెల్లిగా మాట్లాడు.”

“పిల్ల నిద్రపోవడం లేదండి. దీపమేదో ఉందన్నారు.”

మేనేజరు కుర్చీ వైపు చూపించాడు. “అదిగో, పెద్దాఫీసునే పడుకోబెట్టింది. మీ పిల్లెంత?”

ఆయన నవ్వు నొక్కుకుని, దీపం కొనుక్కుని, బిల్లు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. దుకాణం మళ్ళీ నీడలో తేలింది. నలభైలో ఒకటి తగ్గింది కాబట్టి ముప్ఫై తొమ్మిది దీపాలు ఒక్క మనిషి ఊపిరితో కలిసి లేస్తూ, వాలుతూ ఉన్నాయి. మేనేజరు స్టూలు మీద కూర్చుని రెప్ప వేయకుండా గడియారాన్ని చూస్తున్నాడు. అంతమందిని నిద్రపుచ్చిన మనిషికి ఆ పూట కునుకు రాలేదు.

ఆఫీసరమ్మ కళ్ళు తెరిచేసరికి తెరలు తీసి ఉన్నాయి.

“టైమెంత?”

“అయిదూ అయిదండి. మూసే వేళ దాటింది.”

ఆవిడ తుళ్ళిపడి లేచింది. ఇద్దరూ కలిసి షట్టరు దించారు. ఆవిడ ఫొటో తీసి పంపింది. పెద్దాఫీసు నుంచి ముందు ఆలస్యానికి చీవాట్లు, తర్వాత బొటనవేలు బొమ్మ వచ్చాయి. అప్పటికి గాని ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు.

“నాకు ఇంత నిద్ర పట్టి ఎన్నేళ్ళయిందో. ఎందుకు లేపలేదండీ?”

“లేపబుద్ధి కాలేదండి.”

“అర్థమైంది లెండి. దుకాణమంటే మీకంత ప్రాణం. రెండు గంటలు దొంగిలించుకున్నారు. పోనీండి, ఎవరి కొంపా మునగలేదు.” ఆవిడ నవ్వుతూ వంతెన వైపు వెళ్ళే బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగాక ఆయన ఫోను మోగింది.

“దావా తీసుకున్నారండీ. నాలుగూ నలభైకి ముద్ర కొట్టారు. ఇప్పుడే కోర్టు మెట్లు దిగుతున్నాను,” అంది భార్య.

నిద్రదీపం పేటెంటు ఆవిడది.